మట్టి మిద్దె దూలాలు, పొట్ట వేసిన పలకలు: కర్నూలులో ఒక బ్యాండ్ సా మరమ్మతు

కర్నూలులో కల్లూరు వైపు ఒక ఇంటి వెనక, రేకుల షెడ్డులో నడుస్తున్న బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) గురించి ఈ వివరం రాస్తున్నాను. యజమాని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు. చెక్క పని ఆయనకు ఇష్టం కొద్దీ పట్టుకున్న పని. నేను చెక్క కోత యంత్రాల మరమ్మతు చేస్తాను. టింబర్ డిపోలు, ఫర్నిచర్ షాపులతో పాటు ఇలాంటి ఇంటి వర్క్‌షాపులకూ వెళ్తుంటాను. 2024 ఫిబ్రవరిలో ఆయన ఫోను చేసి, "నాయనా, పలక పొట్ట వేస్తోంది. ఎంత బిగించినా తగ్గడం లేదు" అన్నారు. ఆ రెండో మాట వినగానే యంత్రం ఏ స్థితిలో ఉంటుందో సగం అర్థమైంది. రంపం వంకరగా కోస్తుంటే చేతికి మొదట అందేది బిగించే మర. ఒక మరతో తగ్గకపోతే ఇంకో మర బిగిస్తారు. అసలు లోపం వాటన్నిటి అడుగున పడిపోతుంది.

ఆయన చేస్తున్న పని ఇది. కోడుమూరు వైపు సొంత ఊళ్లో పాత మట్టి మిద్దెను విప్పించారు. దాని దూలాల్లో గట్టిగా ఉన్న టేకు, వేప ముక్కలు ఏరి తెచ్చుకున్నారు. కూతురు కట్టుకుంటున్న ఇంటి పూజగది తలుపులకు తాతల నాటి ఆ చెక్కే వాడాలని కోరిక. 150 మి.మీ. ఎత్తున దూలాన్ని నిలబెట్టి 9 మి.మీ. పలకలుగా చీల్చి, వరుసగా వచ్చిన రెండు పలకలను పుస్తకం విప్పినట్టు పక్కపక్కన పెడితే చెక్క రేఖలు అద్దంలో చూసినట్టు కలుస్తాయి. అది కుదరాలంటే కోత పై నుంచి కింది దాకా నిటారుగా దిగాలి. ఆయన నాకు చూపించిన పలక పై అంచున 9 మి.మీ., కింది అంచున 9 మి.మీ., నడుమ మాత్రం 14 మి.మీ. ఉంది. దాని పక్క పలక నడుమ 4 మి.మీ.కు పలచబడింది. పోయిన చెక్క మళ్లీ రాదు. నూరేళ్ల దగ్గర పడిన టేకు అలా పాడవుతుంటే చూడటం నాకూ కష్టంగానే అనిపించింది.

యంత్రం పోత ఇనుముది. 350 మి.మీ. చక్రాలు రెండు, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దాని పుల్లీ 100 మి.మీ., చక్రం పుల్లీ 200 మి.మీ. కాబట్టి చక్రం 720 చుట్లు, బ్లేడు వేగం నిమిషానికి దాదాపు 790 మీటర్లు. చెక్కకు ఆ వేగం సరిపోతుంది. దీన్ని ఆయన ఒక పాత డిపో నుంచి కొన్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఆ డిపో కూడా మునిగిందట. తర్వాత మోటారు, బేరింగులు మార్చి మళ్లీ నడిపారట. కనుక సారు అనుమానం ఒక్కటే: "నీళ్లలో నాని పై చక్రం వంకర పోయింది. తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడు వినబడుతోంది, చూడు."

పోత ఇనుము నీళ్లలో నానినంత మాత్రాన వంగదని చెప్పాను. వరద సంగతి అక్కడితో పక్కన పెట్టేశాను. ఆ తొందర ఎంత ఖరీదైనదో రెండో సారి వెళ్లినప్పుడు తెలిసింది.

మొదటి రోజు: ముందు అన్నీ వదులు చేయడం

ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి, ఏదీ కదపకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. పై చక్రాన్ని ఎత్తే స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనుకునేంత బిగుసుకుపోయి ఉంది. ట్రాకింగ్ మర, అంటే బ్లేడు చక్రం మీద ఎక్కడ నడవాలో సరిచేసేది, చివరి దాకా తిరిగింది. బ్లేడు అటూ ఇటూ ఊగకుండా ఆపే పక్క గైడ్లు రెండూ బ్లేడును కరిచి పట్టుకున్నాయి, అదీ పళ్ళ మీదకు ముందుకు జరిగి. వెనక బేరింగు బ్లేడుకు ఎప్పుడూ ఆనుకునే ఉండి, దాని ముఖం మీద గాడి పడింది. చెక్కను ఆనించి తోసే ఫెన్సును బ్లేడు లాగే వైపుకు వంకరగా బిగించారు. బల్ల కూడా ఒక వైపు ఒరిగి ఉంది. పై గైడు బల్లకు 200 మి.మీ. ఎత్తులో ఉంది, గీత బాగా కనబడాలని అలా పెట్టుకున్నారట. ఇది ప్రమాదకరం కూడా: చెక్కకు పైన బ్లేడు ఎంత తెరుచుకుని ఉంటే చేతికి అంత చేరువ. ఊగడానికీ అంత చోటు. చెక్కకు పైన 5, 6 మి.మీ.లకు మించి గైడు ఉండకూడదు.

ఇవన్నీ ఒక్క రోజులో జరిగినవి కావు. సారు దగ్గర నోటుపుస్తకం ఉంది. ఏ రోజు ఏం తిప్పారో అందులో తేదీలతో సహా రాసుకున్నారు. నాకు ఇన్నేళ్లలో ఇంత మంచి రికార్డు ఏ యజమాని దగ్గరా దొరకలేదు. దాన్ని వెనక నుంచి ముందుకు చదివితే వరుస తేలింది. మొదట కోత కుడికి లాగింది, ఫెన్సు వంచారు. తర్వాత పొట్ట వచ్చింది, స్ప్రింగు బిగించారు. బ్లేడు చక్రం మీద వెనక్కి జరిగింది, ట్రాకింగ్ తిప్పారు. బ్లేడు ముందుకు వచ్చి రెండు సార్లు ఊడిపోయింది, గైడ్లతో పట్టి ఉంచారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తెలివైన పనే. కానీ ప్రతి దిద్దుబాటూ ముందరి దాన్ని మోస్తూ వచ్చింది.

ముందు ఆ టిక్కు చప్పుడు సంగతి తేల్చాను. ఇది ఎవరైనా ఇంట్లోనే చేసుకోగల పరీక్ష. చక్రం అంచున సుద్దతో ఒక గీత పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ లెక్కపెట్టాలి. చక్రానిదే లోపమైతే చుట్టుకు ఒక టిక్కు రావాలి. బ్లేడు అతుకుదైతే బ్లేడు పూర్తిగా ఒక్కసారి తిరిగి వచ్చినప్పుడే రావాలి. ఈ బ్లేడు పొడవు 2375 మి.మీ., చక్రం చుట్టుకొలత 1100 మి.మీ. అంటే చక్రం రెండు చుట్లు దాటి ఇంకాస్త తిరిగితే గాని బ్లేడు ఒక చుట్టు పూర్తి కాదు. సారు చక్రం తిప్పారు, నేను లెక్కపెట్టాను. పది టిక్కులకు చక్రం ఇరవై ఒకటిన్నర చుట్లు దాటింది. చక్రంలో తప్పు లేదు. బ్లేడు అతుకు ఉబ్బెత్తుగా ఉండి గైడులో తగులుతోంది. ఆయన ఆ అంకె పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

తర్వాత గైడ్లన్నీ వెనక్కి లాగి, స్ప్రింగు వదిలి, బ్లేడు బయటికి తీశాను. తీసేటప్పుడు చేతులకు తోలు గ్లవ్స్ వేసుకున్నాను. యంత్రం తిరిగేటప్పుడు మాత్రం గ్లవ్స్ ఉండకూడదు, పన్ను పట్టుకుంటే చెయ్యి మొత్తాన్ని లాక్కుపోతుంది. బ్లేడును ఎండలోకి తీసుకెళ్లి భూతద్దంతో చూశాం. పదునైన పన్ను కొన మీద వెలుతురు నిలవదు, అక్కడ నల్లగా కనబడుతుంది. మొద్దుబారిన కొన మీద చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది. బ్లేడు పళ్ళను కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కొద్దిగా వంచి ఉంచుతారు. కుడి వైపు వంచిన పళ్ళలో అక్కడక్కడే చుక్కలున్నాయి. ఎడమ వైపు పళ్ళు వరుసగా మెరిశాయి, గొలుసులాగా. ఆ వైపు కొనలు ఇనుప గైడుకు రాసుకుని అరిగిపోయాయి. పళ్ళ వంపు కొలిస్తే కుడికి 0.3 మి.మీ. ఉండగా ఎడమకు 0.1 మి.మీ. మాత్రమే మిగిలింది. వంపు, పదును ఎటు ఎక్కువుంటే బ్లేడు అటే పోతుంది. కోత కుడికి ఎందుకు లాగుతోందో అక్కడే కనబడింది. ఫెన్సు వంచితే ఆ లాగుడుకు చెక్క అనుకూలంగా నడుస్తుంది గాని బ్లేడు బాగుపడదు.

అయితే నోటుపుస్తకం ప్రకారం లాగుడు గైడ్లు బిగించక ముందే మొదలైంది. కాబట్టి గైడు అసలు నేరస్థుడు కాలేదు. అప్పుడు దూలం వైపు చూశాను. మిద్దె మీద వాన నీరు దిగకుండా చౌడు మట్టి పరుస్తారు. ఏళ్ల తరబడి ఆ సన్నని మన్ను దూలం పగుళ్లలోకి దిగి గట్టిపడింది. ఉలి మొనతో ఒక పగులు గీకితే చెంచాడు రాలింది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. బ్లేడు పళ్ళు మొదట అరిగింది ఈ ఇసుకతోనే. పైగా టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అది ఏ పదునునైనా తొందరగా తినేస్తుంది. ఇంకో దూలంలో తల తెగిన పాత మేకు దొరికింది. దాని చుట్టూ చెక్క నీలి నలుపుగా మారి ఉంది. టేకు, తుమ్మ లాంటి చెక్కల్లో ఇనుము ఉన్న చోట తడి తగిలితే ఆ మరక వస్తుంది, పాత చెక్క కొనేవారు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

0.8 మి.మీ. బ్లేడు

ఇప్పుడు బ్లేడు మందం. మైక్రోమీటరుతో 0.8 మి.మీ. వచ్చింది. వెడల్పు 20 మి.మీ. అది పెద్ద చక్రాల కోత మిల్లులకు వాడే చుట్ట నుంచి కత్తిరించి, బ్రేజింగ్ చేసి (కొనలను వేరే లోహం కరిగించి అతికి) ఇచ్చిన ముక్క. దుకాణంలో "ఇది గట్టిది, ఎక్కువ కాలం వస్తుంది" అన్నారట. ఈ మాట నేను చాలా షాపుల్లో విన్నాను. దీని వల్ల పోయిన బ్లేడులు చాలా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బ్లేడు చక్రం మీద వంగుతుంది. వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది. మందాన్ని చక్రం వ్యాసంతో భాగించి, ఉక్కు యంగ్ గుణకంతో (సాగడానికి అది ఎంత మొండికేస్తుందో చెప్పే అంకెతో) హెచ్చవేస్తే ఆ సాగుడు ఒత్తిడి వస్తుంది. సారు ఈ లెక్కను షెడ్డు గోడకున్న నల్లబల్ల మీద చేశారు. 0.8 మి.మీ.కు చదరపు మి.మీ.కు 457 న్యూటన్లు. అదే 0.5 మి.మీ. బ్లేడుకు 286. ఇది కేవలం వంగినందుకే, కోయడం ఇంకా మొదలు కాలేదు. బ్లేడు నిమిషానికి 333 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ రెండు చక్రాల మీద వంగుతుంది. గంటకు 40,000 సార్లు వంగి, మళ్లీ నిటారవుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే, మందపు బ్లేడు చిన్న చక్రం మీద పళ్ళ నడుమ గుంటల్లో చిట్లుతుంది.

చిట్లిందో లేదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. బ్లేడుకు కిరోసిన్ పూసి, పది నిమిషాలు ఆగి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులులో దాగిన కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద తడి గీత వేస్తుంది. సారు ఇంట్లో సుద్దముక్కలకు కొదవ లేదు. మూడు చోట్ల, పన్ను మొదట్లో, వెంట్రుక వాసి గీతలు కనబడ్డాయి. ఒక్కోటి రెండు మి.మీ. పొడవు. ఇంకో వారం నడిచి ఉంటే ఆ బ్లేడు తెగేది. బ్లేడు తెగినప్పుడు చేయాల్సింది ఒక్కటే: స్విచ్చి ఆపి పక్కకు జరిగి, చక్రాలు పూర్తిగా ఆగే దాకా తలుపు తెరవకుండా ఉండటం.

మందపు బ్లేడుకు ఇంకో బాధ ఉంది. కోత నిటారుగా రావాలంటే బ్లేడు అడ్డుకోతలో చదరపు మి.మీ.కు కనీసం 100 న్యూటన్ల బిగువు కావాలి. పళ్ళు మినహాయిస్తే ఈ బ్లేడులో మిగిలిన ఉక్కు 17 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం. బ్లేడుకు రెండు పక్కలు ఉన్నాయి కనుక పై చక్రాన్ని 2700 న్యూటన్ల బలంతో ఎత్తాలి, అంటే దాదాపు 275 కిలోల బరువు. ఆ చిన్న స్ప్రింగు అంత ఇవ్వలేదు. ఎంత బిగించినా తగ్గలేదని సారు అన్నది అక్షరాలా నిజం. చుట్టలు ఆనుకున్నాక స్ప్రింగు స్ప్రింగుగా ఉండదు, ఇనుప గొట్టంతో సమానం. ఆ తర్వాత అతుకు చక్రం మీదకు ఎక్కిన ప్రతిసారీ ఆ కుదుపును మింగేది ఏదీ ఉండదు. అది నేరుగా బ్లేడుకూ ఇరుసుకూ తగులుతుంది.

హైదరాబాదు నుంచి 16 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. మందం, అంగుళానికి 4 పళ్ళ బ్లేడు తెప్పించమని చెప్పాను. పాతదానికి అంగుళానికి 6 పళ్ళు. 150 మి.మీ. ఎత్తు చెక్కలో ఒకేసారి 36 పళ్ళు మునిగి ఉండేవి, గుంటలు పొట్టుతో నిండిపోయి పళ్ళకు చెక్క అందేది కాదు. తోసేవారు ఇంకా గట్టిగా తోస్తారు, బ్లేడు వెనక్కి వంగి నడుమ పొట్ట వేస్తుంది. లోతైన కోతకు పళ్ళు తక్కువుండాలి, గుంటలు పెద్దవి కావాలి.

మోటారుకు కరెంటు తెచ్చే తీగ సన్నగా, 30 మీటర్ల పొడవున ఉంది. అది మార్చి 2.5 చదరపు మి.మీ. తీగ వేయమన్నాను. కోత లోపానికి దానితో సంబంధం లేదు, మోటారు ఆరోగ్యం కోసం.

రెండో రోజు: తగ్గని 1.8 మి.మీ.

కొత్త బ్లేడు వచ్చాక మళ్లీ వెళ్లాను. దాని అతుకు నున్నగా ఉంది, వీపు వైపు మాత్రం అతుకు దగ్గర చిన్న మెట్టు ఉంటే సాన రాయితో సరిచేశాను. బల్ల పైనా కిందా అన్ని గైడ్లూ వెనక్కే ఉంచి, బ్లేడు ఎక్కించి, చేత్తో తిప్పుతూ పళ్ళ గుంటల అడుగు పై చక్రం టైరుకు (చక్రం అంచున తొడిగిన రబ్బరు పట్టీకి) సరిగ్గా నడుమ నడిచేలా ట్రాకింగ్ పెట్టాను. టైరు నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటుంది, బ్లేడు ఆ ఉబ్బు మీద తనంతట తాను నిలబడుతుంది. గైడ్లు దాన్ని పట్టి ఉంచాల్సిన అవసరం లేదు. పాత బ్లేడు తీశాక టైరు మీద పళ్ళ వరుస వేసిన గాడి కనబడింది. ఎండకు రబ్బరు గట్టిపడి మెరుపెక్కింది కూడా. కట్టె ముక్కకు గరుకు కాగితం చుట్టి, చక్రం తిప్పుతూ ఆనించి పైపొర తీసేశాను.

అప్పుడే గైడ్లు. పక్క గైడ్ల ముందు అంచు పళ్ళ గుంటలకు కొంచెం వెనక ఉండాలి, బ్లేడు వెనక్కి నెట్టుకున్నా పళ్ళు వాటికి తగలకూడదు. సందు నోటుపుస్తకం కాగితం అంత, 0.1 మి.మీ. వెనక బేరింగు ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడుకు తగలకుండా 0.4 మి.మీ. దూరం. కోత మొదలయ్యాక మాత్రమే అది తిరగాలి. బల్ల మూలమట్టంతో సరిచేశాను. దాన్ని నమ్మకుండా ఒక చెక్కముక్క కోసి, ఒక భాగాన్ని తిరగేసి రెండో దాని పక్కన నిలబెట్టి చూశాను. తప్పు ఉంటే అలా రెట్టింపై కనబడుతుంది. ఫెన్సును బల్ల గాడికి సమాంతరంగా తెచ్చాను.

శుభ్రం చేసిన టేకు దూలాన్ని పెట్టి కోశాం. కోత నేరుగా వెళ్లింది. కుడికి లాగడం పూర్తిగా పోయింది. కానీ నడుమ పొట్ట ఇంకా ఉంది: 5 మి.మీ. నుంచి 1.8 మి.మీ.కు తగ్గింది, అంతే. సారు ముఖంలో నిరాశ లేదు. "మిగిలినదానికి కారణం వేరే ఉంది" అన్నారు, క్లాసులో చెప్పినట్టు.

బ్లేడు కొత్తది, గైడ్లు సరిగ్గా ఉన్నాయి, నెమ్మదిగానే తోస్తున్నారు. మిగిలింది బిగువు. స్ప్రింగు ఇప్పుడు సగమే నొక్కుకుంది, లెక్క ప్రకారం ఈ బ్లేడుకు 1300 న్యూటన్లు చాలు, అది ఇవ్వగలదు. కానీ స్ప్రింగు ఎంత నొక్కుకుందో చూసి బ్లేడులో అంత బిగువు ఉందని అనుకోవడం ఊహే. బ్లేడునే కొలవాలి. డిజిటల్ వెర్నియర్ కాలిపర్‌ను బ్లేడు వదులుగా ఉన్నప్పుడు 150 మి.మీ. దూరంలో రెండు చిన్న క్లాంపులతో బ్లేడుకు బిగించి, సున్నా చేసి, ఆపైన బ్లేడు బిగించాలి. 100 న్యూటన్ల బిగువుకు ఆ 150 మి.మీ. ఉక్కు 0.075 మి.మీ. సాగాలి. మాకు 0.03 వచ్చింది. మర ఇంకో చుట్టు తిప్పాం, స్ప్రింగు కుంగింది, కాలిపర్ అంకె కదలలేదు. తర్వాత మర మొత్తం వదిలేశాం. బ్లేడు వదులు కాలేదు. పై చక్రాన్ని మోసే కడ్డీ మీద కొడతితో ఒక్కసారి తట్టాను. టక్కుమని చక్రం అర అంగుళం జారింది.

బలం దారిలోనే ఆగిపోతోంది. చక్రాన్ని మోసే దిమ్మ పైకీ కిందికీ జారే గాడిలో ఇరుక్కుపోయింది. స్ప్రింగు దిమ్మను నెడుతోంది, ఘర్షణ దాన్ని పట్టేస్తోంది, బ్లేడుకు సగం కూడా అందడం లేదు. పై చక్రం విప్పి దిమ్మను బయటికి లాగాం. గాడి మూలల్లో తుప్పు, తుప్పులో కలిసి ఆరిన సన్నని బూడిద రంగు ఒండ్రు. గోరుతో గీకితే పొరలు పొరలుగా వచ్చింది, ఏట్లో నీరు తగ్గాక మెట్ల మీద మిగిలే మన్ను లాగే ఉంది. డిపోవాళ్లు మోటారూ బేరింగులూ మార్చారు గాని ఈ గాడిని ఎవరూ విప్పలేదు. 2009 వరద యంత్రంలోనే ఉంది.

ఆయన చక్రం గురించి పొరబడ్డారు, నీళ్ల గురించి పొరబడలేదు. మొదటి రోజు నేను వరద మాటను కొట్టిపారేయకుండా, నీళ్లు వెళ్లిన చోటల్లా ఏం చేసి ఉంటాయని అడిగి ఉంటే ఈ దిమ్మ అప్పుడే బయటపడేది. ఈ మాట ఆయనతోనే అన్నాను. ఇప్పుడు నేను యజమాని చెప్పిన కారణాన్ని కాదన్నా, చెప్పిన సంఘటనను మాత్రం విడిగా రాసుకుంటున్నాను.

దిమ్మను, గాడిని కిరోసిన్‌తో కడిగి, సన్నని ఎమరీ కాగితంతో తుప్పు తీసి, మైనం రాశాం. గ్రీజు పెట్టలేదు. చెక్క యంత్రంలో గ్రీజు పొట్టును పట్టి మళ్లీ అదే మట్టిముద్ద తయారు చేస్తుంది. తిరిగి బిగించి కొలిస్తే కాలిపర్ 0.07 చూపింది, మర వదిలితే చక్రం కొడతి అవసరం లేకుండా దిగింది. అదే దూలంలో తర్వాతి పలక కోశాం. 600 మి.మీ. పొడవు, ఇంచుమించు నిమిషం పట్టింది. మొదటి పది అంగుళాలు సారు తోశారు, చప్పుడు మారగానే ఆయన చెయ్యి దానంతట అదే నెమ్మదించింది. నడుమ తేడా 0.4 మి.మీ. చిత్రిక పడితే పోయేంత. ఆ పలకను, దాని జతను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. రేఖలు కలిశాయి.

దూలం తయారీ, తర్వాతి నెలలు

బ్లేడును మొద్దు చేసింది దూలమే కాబట్టి యంత్రం బాగైనంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఇప్పుడు ప్రతి దూలానికీ ముందు పని ఉంది. పగుళ్లను ఉలి మొనతో, ఇనుప బ్రష్షుతో గీకి చౌడు మట్టి తీయాలి. పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి నాలుగు వైపులా నెమ్మదిగా జరిపితే మేకు ఉన్న చోట దారం లాగుతుంది. నీలి నలుపు మరక ఉంటే అయస్కాంతం లాగకపోయినా అక్కడ తవ్వి చూడాలి, మేకు లోతున విరిగి ఉండవచ్చు. ఆపైన చేతి చిత్రికతో పై పొర 3 మి.మీ. తీయాలి. చిత్రిక బ్లేడు దీనికి చాలా పదును పోగొట్టుకుంటుంది, కానీ దాన్ని సాన మీద పది నిమిషాల్లో తిరిగి పట్టవచ్చు. బ్యాండ్ సా బ్లేడు అలా కాదు. మొదటి రెండు దూలాలకే ఆయన 11 మేకులు తీశారు.

జూన్‌లో మళ్లీ చూశాను. అదే బ్లేడు మీద 34 పలకలు కోశారు. చివరి పలకలో పొట్ట 0.7 మి.మీ. ఉంది, అంటే పదును తగ్గుతోంది, ఎటూ లాగడం మాత్రం లేదు. ఆ బ్లేడుకు పళ్ళ కొనల మీద చుక్కలు రెండు వైపులా సమానంగా కనబడ్డాయి. సుద్దపొడి పరీక్షలో ఒక్క గీతా రాలేదు. కొత్త బ్లేడు వేసే వేళ అయ్యిందని చెప్పాను. పని అయ్యాక ప్రతి రోజూ బిగువు వదులుతున్నారు, షెడ్డు నల్లబల్ల మీద ఒక మూల "వదులు" అని రాసి, మళ్లీ బిగించాకే తుడిపేస్తున్నారు. మరిచిపోయి వదులు బ్లేడుతో స్విచ్చి వేస్తే ఊడి వస్తుంది, అందుకని ఆ ఏర్పాటు. పూజగది తలుపుల్లో ఒకటి బిగించారు, రెండోదానికి ఇంకా నాలుగు పలకలు కావాలి.

మిగిలినది పై చక్రం టైరు. వేసవిలో షెడ్డు రేకుల కింద వేడికి అంచున సన్నని పగుళ్లు మొదలయ్యాయి. కొత్త టైరు ఎక్కించాక దాని నడుమ ఉబ్బు పాతదానిలాగే ఉండదు, ట్రాకింగ్ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. అందుకని ఇప్పటి కొలతలన్నీ, కాలిపర్ అంకె, మర చుట్లు, గైడు సందులు, కింది చక్రం తలుపు లోపలి వైపున పెయింటుతో రాయించాను. టైరు వచ్చిన రోజు ఆ అంకెల పక్కనే కొత్తవి రాస్తాం.